జుగ్‌జ్వాంగ్ అనే సాకు

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

రాజమండ్రిలో పిల్లలకు చదరంగం నేర్పుతాను. ఏటా ఒక రోజు బోర్డు మీద జుగ్‌జ్వాంగ్ అని రాయక తప్పదు. జర్మన్ మాట. జుగ్ అంటే ఎత్తు, జ్వాంగ్ అంటే బలవంతం. అక్కడి చదరంగం పత్రికల నుంచి ఇంగ్లీషు పుస్తకాల మీదుగా మన దాకా వచ్చింది. కదలకుండా ఉండగలిగితే ప్రమాదం లేదు. కానీ వంతు మనది, ఏ ఎత్తు వేసినా ఓటమే. అది చెప్పి, వెంటనే బోర్డు తుడిచేస్తాను.

పద్దెనిమిదేళ్ల కిందట, జిల్లా సెలక్షన్స్‌లో ఆఖరి ఆట. ఎదురుగా నూకరత్నం. ధవళేశ్వరంలో చేపలు పట్టే వాళ్ల అమ్మాయి, నాకంటే రెండేళ్లు చిన్న. గెలిస్తే రాష్ట్ర పోటీలకు వెళ్లే చోటు ఆమెది, డ్రా అయితే నాది. నేను సరిగ్గా ఆ స్థితిలోనే చిక్కుకున్నాను. గత్యంతరం లేక రాజును పక్కకు జరిపాను. ఇక ఆమె తన రాజును ముందుకు నడిపితే చాలు, గెలుపు ఆమెదే. గడి గీత మీదికి వచ్చిన తన బంటును చూసి, "సర్దుతున్నానక్కా" అని మెల్లగా చెప్పి, వేలితో లోపలికి జరిపింది. అలా చెప్పి ముట్టుకుంటే తప్పు లేదు. చెప్పకపోతే ఆ పావునే కదపాలి.

నేను చెయ్యెత్తాను. ఆటకు తీర్పు చెప్పే ఆర్బిటర్‌గారు మా నాన్నగారికి బాగా తెలిసినవారు. ఆమె చెప్పిందా అని నన్నే అడిగారు.

"లేదండి," అన్నాను.

నూకరత్నం నా వైపు చూసింది. "మీరు విన్నారు కదక్కా," అంది. ఆర్బిటర్‌గారు నా మాటే తీసుకుని, ముట్టుకున్న బంటునే కదపాలన్నారు. రాజును నడపాల్సిన చోట ఆమె బంటును తోసింది. ఆట డ్రా అయింది. ఆమె మళ్లీ ఏ టోర్నమెంటులోనూ కనిపించలేదు.

ఇన్నేళ్లూ నాకు నేను ఏం చెప్పుకున్నాను? నాన్నగారి ముందు ఓడి నిలబడలేనని, నాకు మరో దారి లేదని, అదీ ఒక జుగ్‌జ్వాంగేనని. ఎంత సిగ్గుమాలిన మాట. ఆ బలవంతం నా రాజు మీదే కానీ నా నోటి మీద లేదు. అప్పుడు వంతు కూడా నాది కాదు. ఊరికే కూర్చుంటే సరిపోయేది.

కిందటి నెల బ్యారేజీ దగ్గర నూకరత్నం చేపలమ్ముతూ కనిపించింది. నన్ను గుర్తుపట్టింది. చేప శుభ్రం చేసి ఇస్తూ, ఇంకా ఆడుతున్నారా అని అడిగింది. నేర్పుతున్నానన్నాను. అక్కడే చెప్పేయాల్సింది. వెనక ఎవరో తొందరపెడుతున్నారన్న వంకతో సంచి పట్టుకుని వచ్చేశాను. ఆ కూర నాకు సహించలేదు.

క్షమించమని అడగడం లేదు. ఆర్బిటర్‌గారు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఇప్పుడు చెబుతున్నాను. చెప్పిందండి. నేను విన్నాను.