తమ్ముడి మెడలో వెల్లుల్లి దండ

నాకు అనుమానం ఎక్కువ. పాలల్లో నీళ్ళు కలిపారేమోనని ఇప్పటికీ వేలు ముంచి చూస్తాను. మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ఎనిమిదేళ్ళప్పుడు ఇదే బుద్ధి నాతో ఏం చేయించిందో తెలిస్తే మాత్రం నవ్వరు.

మాది అర్ధవీడు దగ్గర పల్లె. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు, మా వైపంతా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఇంట్లో అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ఆమె మాటే చట్టం. తర్వాత నాయన, అమ్మ, చిన్నాయన, ఆయన కొత్తగా చేసుకొచ్చిన చిన్నమ్మ, నేను, మూడేళ్ళ తమ్ముడు. ఆ చలికాలం అమ్మ ఇంకో బిడ్డను కని లోపలి గదిలో బాలింతగా ఉంది. సరిగ్గా అప్పుడే తమ్ముడికి కోరింత దగ్గు పట్టుకుంది. దగ్గీ దగ్గీ వాడి ముఖం వంకాయ రంగుకు తిరిగేది. అమ్మ దగ్గరికి పోనివ్వరు కాబట్టి వాడు చిన్నమ్మ పక్కలోనే పడుకునేవాడు. వాడికి దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఎత్తుకుని వసారాలో తిప్పేది కూడా ఆమే.

అవ్వ వైద్యమంతా వెల్లుల్లితోనే. మా ఊళ్ళో తెల్లగడ్డ అంటాం. నిప్పుల్లో కాల్చిన రెబ్బను బెల్లంతో నూరి నాకించేది. రెబ్బలు నల్లబడేదాకా నువ్వుల నూనెలో కాచి ఛాతీకి, అరికాళ్ళకు రుద్దేది. అన్నిటికంటే పెద్ద మందు దండ. తొమ్మిది రెబ్బలు పొట్టు తీసి, దారానికి గుచ్చి వాడి మెడలో కట్టింది. రెబ్బ ఎండేకొద్దీ దగ్గు ఎండిపోతుందట. అంతవరకూ దాన్ని ఎవరూ ముట్టకూడదు.

"ముడితే ఏమైతాదవ్వా?"

"ముట్టినోళ్ళకు పట్టుకుంటాది దగ్గు. నోరు మూసుకోని పో."

రెబ్బ ఎండితే దగ్గెందుకు ఎండాలో నాకు అంతు పట్టలేదు. ఇంకోసారి అడిగితే వీపు మోగుతుంది కాబట్టి నేనే కనిపెట్టాలనుకున్నాను. పొద్దున లేవగానే పోయి దండ చూసేదాన్ని. మూడో రోజు ఎనిమిదే ఉన్నాయి. మర్నాడు ఏడు.

వాడి పక్కన పడుకునేది చిన్నమ్మ ఒక్కతే, కాబట్టి దొంగ ఎవరో తెలుస్తూనే ఉంది. ఎందుకు తీస్తోందో తెలియదు. కావాలంటే అవ్వను అడగొచ్చు కదా! తెల్లగడ్డ మూట బాలింత కారానికని ఉట్టి మీద ఉండేది. ఎవరడిగినా అవ్వ ఎందుకని ఆరా తీసి, రెండు రెబ్బలు గిల్లి ఇచ్చేది. చిన్నమ్మ అడగడం లేదంటే, పైకి చెప్పుకోలేని పనేదో ఉందన్నమాట. నేను ఊరికే ఆమె దగ్గరికి పోయి నోరు వాసన చూశాను.

"ఏందే, కుక్కపిల్ల మాదిరి అట్ల వాసన చూస్తాండావ్?" అని నవ్వి, గబుక్కున తల తిప్పుకుంది. తెల్లగడ్డ వాసన గుప్పుమంది.

ఆ తల తిప్పుకోవడం చూశాక ఇక నాకు నిద్ర పట్టలేదు. పెళ్ళై ఏడాది కావస్తున్నా ఆమె కడుపు పండలేదు. మా తమ్ముడి మీద కన్ను కుట్టింది, వాడి దగ్గు ఎండకుండా చేస్తోంది అనుకున్నాను. తమ్ముణ్ణి చంపేస్తుందేమోనని వణికిపోయాను. ఆమె కలిపిన ముద్ద తినడం మానేశాను. "ఏం తల్లీ, ఆకలి కాలేదా?" అని ఆమె అడుగుతుంటే, చూడు ఎంత నటిస్తోందో అనుకునేదాన్ని. నా పాడుబుద్ధి!

ఒక పొద్దున ఆమె పేడ ఎత్తడానికి పశువుల కొట్టంలోకి వెళ్ళింది. నేను వెనకాలే పోయి చొప్ప వామి చాటున నిలబడ్డాను. చిన్నమ్మ తట్ట కింద పెట్టి, పైట కొంగు ఉండ చుట్టి నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు బయటికి రాకుండా దగ్గుతోంది. దగ్గు ఆగాక కొంగుముడి విప్పి, రెబ్బ తీసి పచ్చిదే నమిలి మింగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పేడ ఎత్తింది.

అప్పుడైనా నాకు అర్థం కావాలా వద్దా? కాలేదు. దొంగ దొరికిందన్న సంబరంలో ఒకటే పరుగు.

"అవ్వా! తమ్ముని దండలో తెల్లగడ్డలు చిన్నమ్మ తింటాంది!"

అవ్వ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. "యాడ చూసినావే?"

"కొట్టంలో. నోట్లో కొంగు కుక్కోని దగ్గి దగ్గి, ఆ తర్వాత తినింది."

అవ్వ చేతిలో తెడ్డు ఆగిపోయింది. "దగ్గుతాందా? ఎన్నాళ్ళ నుంచి?"

దొంగతనం గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు.

అవ్వకు ఒక కూతురు ఉండేది. నేను పుట్టకముందే, ఈ ఇంట్లోనే, క్షయతో దగ్గి దగ్గి పోయింది. అప్పటినుంచి పిల్లలు దగ్గితే అవ్వ తెల్లగడ్డ కాల్చేది, పెద్దవాళ్ళు దగ్గితే మాత్రం ఆమె ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. దగ్గు మనిషిని ఇంట్లో పెట్టుకోనని పెళ్ళి మాటలప్పుడే తెగేసి చెప్పిందట. చిన్నమ్మ రెబ్బ అడగకపోవడానికి కారణం అదే. అడిగితే పుట్టింటికి పంపించేస్తారని ఆమెకు తెలుసు.

"ఉత్త జలుబే అత్తా, పిల్లోని దగ్గర అంటుకునింది. నాలుగు దినాల్లో పోతాది," అని చిన్నమ్మ కాళ్ళు పట్టుకుంది.

"నా బిడ్డ గూడా అట్లే అనింది," అంది అవ్వ.

చిన్నాయన గుంజకు ఆనుకుని తన కాళ్ళకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. మొగుడట మొగుడు! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. మధ్యాహ్నానికి బండి కట్టారు. ఆమె పుట్టిల్లు పెద్దారవీడు వైపు. బండి ఎక్కుతూ నావైపు చూసింది, ఎవరు చెప్పారో ఆమెకు తెలుసు. రెండు తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

నాలుగు రోజులకు నాకూ దగ్గు పట్టుకుంది. ముఖం కనపడకుండా దుప్పటి కప్పుకుని దగ్గాను, నన్ను కూడా బండెక్కిస్తారని. అవ్వ దుప్పటి లాగి, "పిచ్చిదానా, నువ్వు మన ఇంటి పిల్లవే, నీకేంది బయం?" అని నా మెడలోనూ దండ కట్టింది.

పదిహేను రోజులకు చిన్నమ్మ నాయన వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మార్కాపురం డాక్టరుకు చూపించినానక్కా. గొట్టం పెట్టి ముందూ వెనకా చూసినాడు. జలుబు తప్ప ఏం లేదన్నాడు. ఇప్పుడు దగ్గు గూడా లేదు."

"డాక్టర్లకేం, అట్లనే చెప్తారు," అంది అవ్వ.

సరిగ్గా అప్పుడే నాకు తెర వచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. నా దగ్గు ఆగేదాకా ఆయన నావైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఈ పాపకు ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"పది దినాలైంది," అంది అవ్వ.

"ఈ పాపను యాడికి పంపిస్తాండారక్కా?"

ఆయన మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు అవ్వే చిన్నాయనను లేపి బండి కట్టించింది, పోయి పిలుచుకోని రమ్మంది. మూడో రోజు చిన్నాయన ఒక్కడే తిరిగి వచ్చి, ఎద్దులను విప్పి, గడప దగ్గర కూలబడ్డాడు.

"ఏమనిందిరా?" అని అడిగింది అవ్వ.

"రేపు ఆ ఇంట్లో నాకు జరమొస్తే ఎవురికి చెప్పుకోవాల, అని నన్ను అడిగినాదమ్మా. నీకు చెప్పుకోమని నేను అనలేకపోయినా. నాకు చెప్పుకోమని గూడా అనలేకపోయినా."