మార్తత్త మెదడు తిరగబడిన వైనం

మా మేనత్త మెదడును తారుమారు చేసిన ఘనుణ్ణి నేనే. నవ్వదలచినవాళ్ళు ముందే మంచినీళ్ళు తాగి కూర్చోండి, పొలమారితే నాది పూచీ కాదు.

అప్పుడు నేను విశాఖలో మెదడు స్కాన్ బొమ్మలను లెక్కలతో చదివే పరిశోధన విద్యార్థిని. చెయ్యి ఆడిస్తే మెదడులో ఎక్కడ పని జరుగుతుందో నా సమీకరణాలు చెప్పాలి. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే మా మార్తత్త వేళ్ళంత చురుకైన వేళ్ళు ఎక్కడా చూడలేదు. బతిమాలి స్కానుకు తీసుకొచ్చాను.

"నీది కుడిచేతి వాటమా, ఎడమా?"

"కుడేరా అల్లుడూ!"

కుడి అని టిక్కు పెట్టేశాను. "గంట మోగినప్పుడల్లా పొట్టు తీసినట్టు వేళ్ళు ఆడించత్తా" అన్నాను. చలేస్తోందంటే మెడ దాకా దుప్పటి కప్పాను. ఆ దుప్పటిని మీరు కాస్త గుర్తుపెట్టుకోండి.

కుడి చెయ్యి ఆడితే మెదడు ఎడమ వైపు వెలగాలి. అత్తకు కుడి వైపు వెలిగింది! బొమ్మలో ఎడమకుడులు మారాయేమోనని మూడు వారాలు మాత్రికలన్నీ తిరగేశాను. లెక్క తప్పలేదు. అంటే నేను మహా ఆవిష్కర్తనన్నమాట! ఆగలేక ఫోన్ చేశాను.

"అత్తా, నీ మెదడు అందరిలా లేదు. ఎడమది కుడికొచ్చేసింది!"

"ఓలమ్మో! నాకేటయిపోనాదిరా!"

అత్త పనికి వెళ్ళడం మానేసింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆమె మెదడు స్వస్థానానికి చేరాలని సంఘమంతటి చేత ప్రార్థన చేయించారట. మావ ఫోన్ చేసి, "ఒకటే ఏడుపురా. నువ్వే సెడగొట్టినావు, నువ్వే వచ్చి సక్కసెయ్యి" అన్నాడు. చిన్నప్పటి నుంచి నా నోట్లో పప్పు పెట్టిన మనిషిని ఏడిపించాను. తొలి రైలుకే పలాస చేరాను.

"భయం లేదత్తా. ఆ రోజు వేళ్ళు ఎలా ఆడించావో చూపించు."

కళ్ళు తుడుచుకుని చాకు అందుకుంది. ఎడమ చేత్తో! ఆ రోజు దుప్పటి కింద ఏ చెయ్యి ఆడిందో నాకు కనబడనే లేదు.

"అదేంటి, కుడిచేతి వాటమన్నావు కదా?"

"అన్నం తినే సెయ్యి అడిగావనుకున్నాన్రా. పొట్టు ఎడం సేత్తోనే తీత్తాను. ఇన్నేళ్ళూ నా పక్కన కూకుని తిన్నావు, సూళ్ళేదేటి?"

"దాని బుర్ర బాగానే ఉంది" అన్నాడు మావ. "నీది ఓపాలి తీయించుకోరా, స్కేను."

అత్త పకపకా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే లేచి నిలబడి ప్రమాణం చేశాను: ఇకపై ఎవరి మెదడులోకి తొంగిచూసినా, ముందు వాళ్ళ చేతుల వంక చూస్తాను. ఆ ప్రమాణానికి సాక్షిగా అత్త నాకు గుప్పెడు జీడిపప్పు పెట్టింది. ఎడమ చేత్తో పొట్టు తీసి, కుడి చేత్తో.