మొవ్వు లేని చెట్టు

తెల్లవారుతుండగా లారీ మమ్మల్ని కోనసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి మొదట్లో దింపింది. తొంభై ఆరు తుపాను వెళ్ళి మూడో రోజు. ముసురు ఆగలేదు. కాలువ గట్టు మీద మోకాలిదాకా బురద. ఒక్కొక్కరి భుజాన తుపాకీ, వీపున గొడ్డలి, టార్పాలిన్, ఒక పూటకి రొట్టెలు. మా సైనిక దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని మా ఊరు మండపేటలో ఎవరికీ అక్కర్లేని నా నోటిని దుబాసీగా సామగ్రిలో చేర్చుకున్నారు.

కొబ్బరితోట అంటే ఆకాశం కనబడని చోటని నా జ్ఞాపకం. ఇక్కడ అంతా ఆకాశమే. చెట్లన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. నిలబడ్డవాటికి తలలు లేవు.

"రోడ్డు కనబడుతోందా?" వైర్‌లెస్‌లో కెప్టెన్ గారు అడిగారు.

"చెట్లు కనబడుతున్నాయి సార్. రోడ్డు వాటి కింద ఉండాలి," అన్నాడు మా రేడియో ఆపరేటరు. ఎడారి జిల్లావాడు. అన్ని చెట్లు ఒకేచోట చూడడం అతనికి అదే మొదలు.

దారి తెరిచాక రెండో ఆర్డరు వచ్చింది. పని పోయిన ఊరివాళ్ళకే తోటలు శుభ్రం చేసే పని ఇవ్వాలి. కూలి కింద మండలాఫీసు బియ్యం ఇస్తుంది. పొద్దున్నే ఏడింటికి పిలుపు. ఆ పిలుపు నాది.

అలా పిలిస్తే వచ్చినాయన సత్యం గారు. యాభై దాటాయి. పని దింపు, అంటే చెట్టెక్కి కాయలు కోసి దింపడం. గొడ్డలి చేతిలోకి తీసుకున్నాడు గాని, ఎక్కేటప్పుడు కాళ్ళకు వేసుకునే తాటి నార బంధాన్ని మాత్రం భుజం మీంచి తియ్యలేదు.

"ఎక్కడానికేం లేదు కదండీ, అదెందుకు?" అన్నాను.

"అలవాటండి. మీరు తుపాకీ తెచ్చుకున్నారు. ఎవర్ని కాలుస్తారేంటి?"

ఏమన్నాడని మావాళ్ళు అడిగారు. నన్ను తిట్టిన మాటని నేనే హిందీలో చెప్పుకోవలసి వచ్చింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

తన చేత్తో కాయలు దింపిన చెట్లనే ముక్కలుగా కొట్టేవాడు. ఒక మధ్యాహ్నం బియ్యం సంచి మీద కూచుని కెప్టెన్ గార్ని అడగమన్నాడు. "ఈ తోటలు ఖాళీ అయ్యాక నాకేం పనండి?"

కొత్త మొక్కలు వస్తాయి, గుంతలు తవ్వాలి, నీళ్ళు పొయ్యాలి అన్నారు కెప్టెన్ గారు. మంచి మాటే. అలాగే చెప్పాను.

"మొక్క కాపుకొచ్చేసరికి ఏడేళ్ళండి. అప్పటికి నన్నే ఎవరో ఒకరు మంచం మీంచి దింపాలి." అరికాళ్ళు ఎత్తి చూపించాడు. బంధం ఒరుసుకుని గట్టిపడ్డ చర్మం. "కాయలంటే ఇక ఇవేనండి."

దీన్ని నేను హిందీలోకి మార్చలేదు.

ఆఖరికి ఊళ్ళో చర్చి వెనక ఒక్క మాను మిగిలింది. తలలో ఆకులు పుట్టే మొవ్వు విరిగిపోయింది. గాలికి ఎవరి మీదో పడుతుందని కొట్టెయ్యమన్నారు.

"ఒక్కసారి ఎక్కి దిగుతానండి. తర్వాత నేనే కొడతాను," అన్నాడు సత్యం గారు.

"పైన ఏముందని?" అన్నారు కెప్టెన్ గారు. ఆయన నా ముఖం చూశారు. మానుని చేత్తో ఊపి చూసి, "ఎక్కమను," అన్నారు.

సత్యం గారు మానుని తాకి కళ్ళకద్దుకున్నాడు. బంధం వేసుకుని, తడి మాను మీద తడుముకోకుండా ఎక్కాడు. చివర ఆకు లేదు, గెల లేదు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఒక చెయ్యి చాచి, కాయ వదిలే ముందు వాళ్ళు వేసే కేక వేశాడు.

"పక్కకండీ..."

కింద అందరం జరిగాం. ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కున్నారు. తోట రైతు జరిగాడు. నేనూ జరిగాను. రేడియో ఆపరేటరు ఒక్కడే కదలలేదు.

"ఏం పడుతోంది?" అన్నాడు.

ఏమీ పడలేదు. సత్యం గారు దిగి, బంధం విప్పి చర్చి గోడ మీద పెట్టి, గొడ్డలి అందుకున్నాడు.

మర్నాడు ఎండ కాసింది. లారీ మమ్మల్ని రాజమండ్రి స్టేషన్లో దింపింది. ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను. కాల్పులూ చూశాను. పింఛనుతో మండపేట వచ్చాక ఊళ్ళోవాళ్ళు వాటి గురించే అడుగుతారు, చెబుతాను. కళ్ళు మూస్తే మాత్రం చర్చి వెనక ఆ చోటే. పైన చాచిన చెయ్యి. కింద మేం ఖాళీ చేసిన తడి నేల. దాని చుట్టూ, ఏదో పడుతుందని, తలలెత్తి మేమందరం.