ఒకే పట్టికలో రసూల్ సార్

నిన్న మధ్యాహ్నం మా విభాగంలో ఎండుమొక్కల బీరువా తెరవగానే నాఫ్తలీన్ వాసన ముఖానికి కొట్టింది. రసూల్ సార్ చొక్కాకు ఎప్పుడూ ఉండే వాసన అది. ఆయన పోయి ఆరు నెలలైంది. నా చేతిలో ఈ రోజు సమావేశం కోసం సంఘ సభ్యుడినైన నాకు పంపిన పట్టిక ఉంది: ప్రొఫెసర్ పదోన్నతి కోరుతున్నవారి పేర్లు, ప్రతి పేరు ఎదుట ఒక్కో అంకె. అట్టడుగున సుజాత. మొక్కలను గుర్తించి, వర్ణించి, పేరు పెట్టే శాస్త్రం ఆమెది. నాదీ అదే, సార్‌దీ అదే.

సార్ చిత్తూరులో ఒక దర్జీ కొడుకు. శేషాచలం కొండల నుంచి తెచ్చిన మొక్కలను అందరూ అట్టకు జిగురుతో అంటిస్తే, ఆయన సూదీ దారంతో కుట్టేవారు. "జిగురు ఏండ్లకు ఊడిపోతుందప్పా. మా నాయన ఏసిన కుట్టు ఊడిందని ఎవురూ తిరిగి రాలేదు" అనేవారు.

ఒకరి వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారో చూసి మనిషికొక అంకె కట్టడం మా దగ్గర అప్పుడప్పుడే మొదలైంది. సార్ అంకె చిన్నది. పదోన్నతి దగ్గరపడుతోంది. ఆయన విద్యార్థిగా నేను రాసిన మొదటి వ్యాసం చివరి ఉటంకింపుల జాబితాలో, సాయపడతానని, ఆయన వ్యాసాలు పదకొండు చేర్చాను. ఆయన పెన్సిల్ తీసి తొమ్మిదింటిని కొట్టేశారు.

"ఈ రెండూ నీ పనికొచ్చినాయి. మిగతావి ఏం చేసినాయప్పా ఈడ?"

"అందరూ ఇట్లే చేస్తా ఉండారు సార్."

"ఆ అందరూ యాడుండారు? పిలువు, మాట్లాడదాం."

పదోన్నతి సమావేశం రోజున ఆయన కుట్టిన అట్టల కట్ట మోసుకుని నేనూ లోపలికి వెళ్లాను. ఆయనకంటే పదేళ్లు చిన్నవాడైన రసాయన శాస్త్రజ్ఞుడికి మూడింతల అంకె ఉందని అధ్యక్షుడు చదివి వినిపించాడు. ఆ శాస్త్రంలో పనిచేసేవారు వేలమంది. వ్యాసం ఏడాది తిరగకముందే పదిచోట్ల కనిపిస్తుంది. మా దగ్గర ఒక గడ్డిమొక్క గురించి రాసేది నలుగురు, అదీ ఏళ్ల తర్వాత. పైగా మొక్క శాస్త్రీయ నామం పక్కన దాన్ని మొదట వర్ణించినవారి పేరు రాయడం మా ఆచారం. సార్ పేరు పెట్టిన గడ్డి ఒకటుంది. ఆ గడ్డి పేరు పూర్తిగా రాస్తే ఆయన పేరూ రాసినట్టే. అంకెలు కట్టే యంత్రానికి మాత్రం అది లెక్కలోకి రాదు.

సార్ అంతా విని అన్నారు: "కట్టిన మల్లెలు మూరతో అమ్ముతారు, బెల్లం తూకానికి అమ్ముతారు. పూలమ్మి కాడికి పోయి, నీ మూర రెండు కిలోలు లేదే అంటే ఆయమ్మ ఏమంటాది సార్? నన్ను నా శాస్త్రమోళ్లతో కొలవండి. తక్కువైతే తక్కువనే రాయండి."

"మీకు కోపమెక్కువ రసూల్ గారూ."

"కోపం కాదు సార్. సరైన కొలత అడుగుతా ఉండా."

పదోన్నతి రాలేదు. మెట్లు దిగుతూ నేను ఉండబట్టలేక, "ఆ తొమ్మిదీ ఉంచింటే బాగుండేది సార్" అన్నాను.

"ఉంచింటే నేను ప్రొఫెసరయ్యుందునేమో. నువ్వేమయ్యుందువు?"

ఆ సోమవారమే ఆయన మళ్లీ కొండెక్కారు. అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైరయ్యారు. సంతాప సభలో ఒకాయన, ప్రొఫెసర్ కాలేకపోవడం సార్ జీవితంలో 'తీరని లోటు' అన్నాడు. నాకు ఒళ్లు మండింది. లోటు సార్‌లో లేదు. కొలిచినవాళ్లు పట్టుకొచ్చిన కొలబద్ద తప్పు.

ఈ రోజు సమావేశంలో పట్టిక నా ముందుకు వచ్చేసరికి మిగతావారి సంతకాలు పూర్తయ్యాయి.

"మీదొక్కటే మిగిలింది సార్. భోజనాలు సల్లారిపోతా ఉండాయి" అన్నారు ఇప్పటి అధ్యక్షులు.

"ఒక్కొక్కరినీ వాళ్ల శాస్త్రంలోని వాళ్లతో పోల్చిన పట్టిక తెప్పించండి. వాళ్ల పని చదివినవాళ్ల అభిప్రాయం జతచేయండి. అప్పుడు పెడతాను."

"సుజాతమ్మ మీకేమన్నా బంధువా?"

"కాదు. వేరే ఎవరు అడుగునున్నా ఇదే అడుగుదును."

సంతకం చోటు వదిలేసి, అసమ్మతిని అరపేజీ రాసి కింద నా పేరు పెట్టాను. నిర్ణయం వాయిదా పడింది. సుజాతకు పదోన్నతి వస్తుందో రాదో తెలియదు. వచ్చే ఏడు నన్ను ఈ సంఘంలోకి పిలవకపోవచ్చు. సార్ నేర్పిన మొక్కల పేర్లు ఈ మధ్య ఒక్కొక్కటే మరిచిపోతున్నాను. కాదని చెప్పడం మాత్రం మరిచిపోలేదు. పట్టిక ఇలాగే తిరిగొస్తే, మళ్లీ ఇదే రాస్తాను.