గరిట ఎక్కడుందో తెలియని ఇల్లు

ముందు చక్రాల చప్పుడు వినిపించింది. నెల్లిమర్లలో, జూట్ మిల్లు వెనక సందులో, సిమెంటు రోడ్డు అతుకు వచ్చిన చోటల్లా ఆ చప్పుడు ఒకసారి ఎగిరిపడి, మళ్లీ గరగరమని సాగుతోంది. కాసేపటికి మలుపు తిరిగి ఒక ఎర్ర సూట్‌కేసు వచ్చింది. దాని పిడికి తాడుతో కట్టిన నీళ్ల డబ్బా. ఆ వెనక నడుం వంచి తోస్తూ ప్రిస్కిల్లా. ఐదో తరగతి. దసరా సెలవుల్లో దుబాయ్ వెళ్లొచ్చిన పెట్టె ఇప్పుడు కుళాయి దగ్గర్నుంచి ఇంటికి నీళ్లు మోస్తోంది.

"దుబాయ్ ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

పెట్టె ఆపింది. కళ్లు చిన్నవి చేసింది. "ఎందుకడుగుతన్నారు?" అంది.

ఊరికే అడిగానని నమ్మడానికి ఆ పిల్లకు చాలాసేపు పట్టింది. గుమ్మంలో కూర్చున్నాక, అటూ ఇటూ చూసుకుంటూ, కొంచెం కొంచెంగా చెప్పింది.

వాళ్ల నాన్న ధనరాజు దుబాయ్‌లో వెల్డరు. రెండేళ్లకోసారి సెలవులో వస్తాడు. మిగతా రోజుల్లో ఫోనులో ఉంటాడు. సాయంత్రం అయ్యేసరికి తెర మీద ఆయన ముఖం, ఆ ముఖం వెనక ఒక నీలం గోడ. ఎప్పుడూ అదే గోడ. "ఇల్లు చూపించు నాన్నా" అంటే సిగ్నలు పోయేది.

ఒకరోజు కుళాయి దగ్గర పక్కింటి జగ్గమ్మ నవ్వులాటకు అంది: "మీ అయ్య అక్కడ ఇంకో కాపురం ఎట్టేసుంటాడే. ఆ గోడెనకాల ఎవులున్నారో సూసుకో!"

అందరూ నవ్వారు. ప్రిస్కిల్లా తల్లి గ్లోరీ కూడా నవ్వింది. కానీ ఆమె బిందె నిండి పొర్లి, నీళ్లు కాళ్ల మీదుగా పారుతున్నా ఆమె చూసుకోలేదు. అది ప్రిస్కిల్లా చూసింది. ఆ రోజునుంచి నీలం గోడ ఆ పిల్ల కలల్లోకి రావడం మొదలుపెట్టింది. దానికొక తలుపుండేది. తలుపు అవతల ఎవరో గాజులు సర్దుకునేవారు.

అందుకే దసరా సెలవులకు రమ్మని నాన్న టిక్కెట్లు పంపాడనగానే అందరిలా గంతులు వేయలేదు. తల్లితో, నాయనమ్మ అప్పలమ్మతో కలిసి, గూఢచారిలా విమానమెక్కింది.

ధనరాజు వాళ్లను ఒక ఫ్లాటుకు తీసుకెళ్లాడు. "ఇదే మన ఇల్లు" అన్నాడు. గోడలన్నీ తెలుపు. ఫ్యాను వేయబోతే లైటు వెలిగింది. కూర కలపడానికి గరిట కోసం సొరుగు తర్వాత సొరుగు లాగాడు, చివరికి స్పూనుతో కలిపాడు. గ్లోరీ దుప్పటి మడతపెడుతున్నట్టు వంగి తలగడ వాసన చూసింది. తల్లీకూతుళ్ల చూపులు కలుసుకుని, వెంటనే విడిపోయాయి.

మర్నాటి నుంచి ఊరు చూడటం. మబ్బుల్లోకి పోయే మేడ పైకెక్కితే చెవులు మూసుకుపోయాయి. కింద నగరం తెగిన పూసల దండలా ఇసుక మీద చెల్లాచెదురుగా మెరుస్తోంది. ప్రిస్కిల్లా దాన్ని చూడలేదు. నాన్న ఎవరిని చూస్తున్నాడో చూసింది. అద్దాల సొరంగంలో తలమీదుగా సొరచేపలు చీకటి మబ్బుల్లా ఈదాయి. ఆ పిల్ల అద్దంలో నాన్న నీడను కనిపెట్టుకుని నిలబడింది. పడవలో ఎవరో ఆవిడ ఆయన్ని చూసి నవ్వితే మధ్యలో దూరి కూర్చుంది.

"ఏటే, ఇరుకు సేస్తన్నావు?" అన్నాడు ధనరాజు.

"గాలేస్తన్నాది" అంది.

ఆ సాయంత్రం అప్పలమ్మ ముసుగు సర్దుకుని లేచింది. వాళ్ల చర్చివాళ్లలో కొత్త ఇంట అడుగుపెడితే ఇంటి పెద్ద గుమ్మం మీద చెయ్యి వేసి, ఆ ఇంటికోసం ప్రార్థన చెయ్యాలి.

"రేపు సేద్దాం నేవే అమ్మా" అన్నాడు ధనరాజు.

"దేవుడికి రేపేటిరా? రా, నిలబడు."

అందరూ కళ్లు మూసుకున్నారు. "తండ్రీ, నా బిడ్డకి నువ్విచ్చిన ఈ ఇల్లు, ఈ గడప, ఈ పొయ్యి..." అప్పలమ్మ ప్రార్థిస్తోంది. ప్రిస్కిల్లా ఒక కన్ను తెరిచింది. నాన్న కళ్లు మూసుకోలేదు, నేలను చూస్తున్నాడు. "ఆమెన్" అంది అప్పలమ్మ. "ఆమెన్" అంది గ్లోరీ. ఫోనులో ప్రార్థన చేస్తే అందరికంటే గట్టిగా ఆమెన్ అనే మనిషి పెదవులు కదపలేదు.

మర్నాడు బ్రెడ్డు కొనడానికి అని కూతుర్ని వెంటబెట్టుకుని కిందికి దిగాడు. లిఫ్టులోనే అడిగేసింది.

"నాన్నా, ఇది మనిల్లు కాదు."

"ఎవులు సెప్పారే?"

"గరిట సెప్పింది. మరి నీ ఇల్లేది? అందులో ఎవులున్నారు?"

కూతురు అడుగుతున్నది ఇంటి గురించి కాదని ధనరాజుకు అర్థమైంది. బ్రెడ్డు దుకాణం దాటి, బస్సెక్కించాడు.

అద్దాల మేడలు తగ్గి, ఇసుక పెరిగింది. పొడుగాటి కట్టడం, అన్నీ ఒకేలాంటి కిటికీలు, ప్రతిదాన్లో ఆరేసిన బట్టలు. పనివాళ్ల క్యాంపు. ఆడవాళ్లనూ పిల్లల్నీ గేటు లోపలికి రానివ్వరు. ధనరాజు తన గదివాళ్లకు ఫోను చేశాడు. పై అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంది. ఒక ముఖం, దాని పక్కన ఇంకోటి, సందుల్లోంచి మరికొన్ని.

"ఒరే, ధనరాజు కూతురొచ్చినాదిరా!"

"ఏటే ప్రిస్కీ, ఊడిన పన్ను మొలిసిందా?"

"మీ నాయనమ్మ మోకాలెలాగున్నాది?"

వాళ్ల తలల వెనక నీలం గోడ.

"ఈలకివన్నీ ఎలా తెలుసు?" అంది ప్రిస్కిల్లా, ఇంకా నమ్మకుండా.

"నీతో మాటాడితే గదంతా ఇంటాదే. ఇనపడకుండా మాటాడ్డానికి ఒక మూలైనా నేదు."

ఆ పిల్ల తలెత్తి గట్టిగా అరిచింది: "మా నాన్నకి అన్నం ఎవులొండుతారు?"

కిటికీ అంతా నవ్వు. "ఆడే మాకందరికీ వొండుతాడే! పులుసులో ఉప్పు మాత్తరం ఎప్పుడూ ఎక్కువే!"

తిరుగు బస్సులో ధనరాజు చెప్పాడు. ఫ్లాటు ఒక స్నేహితుడిది, అతను సెలవులో ఇంటికెళ్లాడు. కొడుక్కి అక్కడ ఇల్లుందని అప్పలమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంది. ఆ మాట పోనివ్వలేకపోయాడు. "మీ అమ్మకి సెప్పకే. నానిలాగ ఉన్నానని తెలిస్తే బెంగెట్టుకుంటాది" అన్నాడు. ప్రిస్కిల్లా చేతిలో చెయ్యేసింది.

ఇంతవరకూ చెప్పి ఆగింది. సందులో ఎవరైనా వింటున్నారేమోనని చూసింది.

"మరి అమ్మకు చెప్పలేదా?" అన్నాను.

"సెప్పేసాను. ఇమానంలోనే, నాయనమ్మ నిద్దరోతంటే. అమ్మ ఏడుస్తాదనుకున్నానండి. నవ్వినాది. నవ్వి, తన అన్నం తినేసి, నా కేకు కూడా తినేసినాది."