తేనెపెట్టెల దగ్గర మా అత్త

మా మేనత్త సుబ్బులమ్మ తిట్టడం మొదలుపెడితే వీధంతా వినాల్సిందే. ఇంటి వెనక మామిడితోటలో తేనెపెట్టెల దగ్గర మాత్రం గుసగుసలే. మనిషి ఊపిరి గట్టిగా తగిలితే ఈగలు రేగుతాయి. అందుకే అత్త తిట్లు అందుకోగానే చెంగయ్య మామ వెళ్లి పెట్టెల పక్కన నిలబడతాడు.

మొన్న కాణిపాకం నుంచి ఆలస్యంగా వచ్చినందుకు తిట్లు మొదలయ్యాయి. మామ ప్రసాదం అరటిపండు తింటూ అక్కడికే పోయాడు. ఆ వాసనకు ఈగలు మీదపడి కుట్టాయి. అత్త మెల్లగా ఆయన్ని ఇంట్లోకి నడిపించి, గోటితో ముళ్లు గీకి తీసింది.

"అరటిపండు తిని ఆడికి పోవద్దని ఎన్నితూర్లు సెప్పినాను?" అంది గుసగుసగా.

"ఈడ ఈగల్లేవు గదా, గట్టిగానే తిట్టు," అన్నాడు మామ.