అయ్యగారూ, కుడికి తిప్పుకోనా?

మా బాబాయి ఫొటో తీయాలంటే ముందు చచ్చిపోయినవాళ్ల అనుమతి తీసుకుంటాడు. నవ్వులాటకి అనడం లేదు. ఆయన కెమెరా సరికొత్తది, దాని లెన్సు పెడితే తనంతట తనే ఫోకస్ చేసుకుంటుంది. ఈయన మాత్రం పోయినవాళ్ల పాత లెన్సులు వెతికి తెచ్చి బిగిస్తాడు. వాటికి రింగు చేత్తో తిప్పాలి. తిప్పే ముందు పాత యజమానిని పలకరిస్తాడు.

"అయ్యగారూ, కొంచెం కుడికి తిప్పుకోనా?"

జవాబు వచ్చేదాకా తిప్పడు. ఈలోగా ఎదుట కూర్చున్నవాళ్ల నవ్వు ఎండి వరుగైపోతుంది.

పళ్ల డాక్టరు లెన్సుతో మా అత్తని తీశాడు. ముఖమంతా మసక, పళ్లు మాత్రం తళతళ! పోలీసాయన లెన్సుతో తీస్తే మా నాన్న అచ్చం దొంగలా పడ్డాడు.

"ఎవరి చూపు వాళ్లది, ఏం చేస్తాం!" అన్నాడు బాబాయి.

ఇక కింద వాటా టీచరమ్మగారి భర్త లెన్సు సంగతి. ఆయన పోయాక ఆవిడ కిటికీ తెరలు వేసేసి, మనుషులతో మాటలు మానేశారు. ఈవిడ ఏమైపోతుందోనని మా అందరికీ ఒకటే బెంగ. బాబాయి ఆ లెన్సు అడిగి తీసుకుని, ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి దిగేవాడు. వెలుతురు కావాలని తెరలు తీయించి, కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేయించి, ఆవిడని ఒకదాంట్లో కూర్చోబెట్టేవాడు.

ఆ ఫొటోలు ఒక్కొక్కటే తిరగేశాను. ప్రతిదాంట్లోనూ ఖాళీ కుర్చీలో తెల్లగా, పొగలా, కొంచెం ముందుకు వంగి ఎవరో కూర్చున్నారు.

"బాబాయ్! ఈ కుర్చీలో ఎవరు?"

"ఓనరుగారు. పాపం, కదిలిపోయారు. వచ్చేవారం ఇంకోటి తీయాలి."

గుండె చిక్కబట్టుకుని లెన్సులోకి టార్చి వేసి చూశాను. గాజు లోపల తెల్లటి దారాల్లా బూజు! కిటికీ వెలుతురు తగిలితే అదే మనిషి ఆకారంలా పడుతోంది. మిగతా లెన్సుల మీద నలుసు పడితే అన్నం మానేసే బాబాయి, దీని బూజు మాత్రం తుడవలేదు.

"ఆవిడకి చెప్పావంటే వీపు చీరేస్తాను. మళ్లీ తెరలు వేసేసుకుంటుంది" అన్నాడు గొంతు తగ్గించి.

ఓ ఆదివారం ఆయనకి జ్వరం వచ్చి నన్ను పంపాడు. కెమెరా ఎత్తానో లేదో, టీచరమ్మగారు అడిగారు.

"లోపల బూజు మరీ పెరిగిపోలేదు కదా, బాబూ?"

ఎత్తిన కెమెరా దించేశాను.

"ఆయన ఉన్నప్పుడే పట్టింది. తుడిపించండి మహాప్రభో అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది."

"అయితే మా బాబాయికి చెప్పలేదేమండీ?"

"చెబితే శుభ్రం చేసేసి, ఒక్క ఫొటో తీసి చక్కా పోతాడు. ఇప్పుడైతే వచ్చి, మా ఇద్దరితో చీకటిపడేదాకా కబుర్లాడతాడు. నువ్వు కూడా చెప్పకు."

ఇద్దరి రహస్యమూ నా నెత్తినే పడింది. నాకు నవ్వాగలేదు. కెమెరా కంటికి ఆనించి, సిగ్గు విడిచి అడిగేశాను.

"అయ్యగారూ, కొంచెం కుడికి తిప్పుకోనా?"

ఖాళీ కుర్చీ సన్నగా కిర్రుమంది. టీచరమ్మగారు అటు చెవి ఒగ్గి విన్నారు.

"ఎడమకిట" అన్నారు.

ఎడమకి తిప్పాను. ఆవిడ నవ్వు చక్కగా ఫోకస్‌లోకి వచ్చింది.